హైదరాబాద్ పటాలం వెంట మలయాలో

మలేషియాలో కోట భారు దగ్గరి సబక్ తీరంలో నడవడానికి ఇసుక పెద్దగా మిగల్లేదు. దక్షిణ చైనా సముద్రం ఏటా కొంత ఒడ్డును కోసుకుంటూ లోపలికి వస్తోంది. వేర్లు బయటపడి ఒరిగిపోయిన కొబ్బరిచెట్లు, కెరటాలకు అడ్డంగా పోసిన బండరాళ్లు, వాటి మీద కూర్చుని గాలం వేస్తున్న మలయ్ కుర్రాళ్లు. 1941 డిసెంబర్ 8న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, జపాన్ సైన్యం మలయా గడ్డ మీద మొదట దిగింది ఈ తీరంలోనే. అప్పటికి పెర్ల్ హార్బర్ మీద ఒక్క బాంబు కూడా పడలేదు. అది జరగడానికి ఇంకా గంటకు పైగా టైముంది. పసిఫిక్ యుద్ధంలో మొదటి తుపాకులు పేలింది ఇక్కడ, వాటికి ఎదురు నిలిచింది మన దేశపు సిపాయిలు.

నాతో వచ్చింది మా అక్క కొడుకు. కోనరావుపేటలో పుట్టి, సిరిసిల్లలో ఇంటర్ చదివి, కౌలాలంపూర్ శివార్లలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. మా మండలంలో ఇంటికొకరు దుబాయ్‌లోనో సౌదీలోనో మస్కట్‌లోనో ఉంటారు. మలేషియాకు వచ్చినవాళ్లు తక్కువ. సెలవు పెట్టుకొని నా వెంట వచ్చినప్పటి నుంచి వాడిది ఒకటే ప్రశ్న.

"మామా, హైదరాబాద్ పటాలం అంటున్నవు. మరి మనోళ్లు గింత దూరం ఎందుకొచ్చిండ్రు? ఎవలు తోలిండ్రు?"

ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. దానికి జవాబు కోట భారు నుంచి సింగపూర్ దాకా ముక్కలు ముక్కలుగా పడి ఉంది. మేము ఆ దారి పట్టుకొని పోయాం.

ఆ రాత్రి తీరంలో కాపలా ఉన్నది డోగ్రా రెజిమెంట్ మూడో బెటాలియన్. కాంక్రీటు పిల్‌బాక్సులు, ముళ్లకంచె, పాతిపెట్టిన మందుపాతరలు, వెనక ఏరులు, మడచెట్లు. జపాన్ వాళ్లు మూడు రవాణా ఓడల్లో అయిదు వేలకు పైగా దళంతో వచ్చారు. ఆస్ట్రేలియా హడ్సన్ విమానాలు దాడి చేసి అవజిసాన్ మారు అనే ఓడను తగలబెట్టాయి. తీరం నీళ్లు రక్తమయ్యాయి. పిల్‌బాక్సుల్లో ఉన్న డోగ్రాలు చాలామంది అక్కడే చనిపోయారు. తీరానికి కాస్త వెనక, పెంగ్కలాన్ చెపాలో విమానాల మైదానం ఉంది. జపాన్ వాళ్లకు కావలసింది అదే. ఆ మైదానానికి కాపలా ఎవరంటే ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. నిజాం సంస్థానం సొంత సైన్యం నుంచి పంపిన పటాలం.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పుకోవాలి. మలయాలో హైదరాబాద్ పేరు మోసిన దళాలు రెండు. ఒకటి నేను ఇప్పుడు చెప్పిన సంస్థాన పటాలం. మైసూరు, బహావల్‌పూర్, జింద్ సంస్థానాలు కూడా ఇలాగే తమ పటాలాలను విమాన మైదానాల కాపలాకు పంపాయి. రెండోది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోని 19వ హైదరాబాద్ రెజిమెంటుకు చెందిన నాలుగో బెటాలియన్. సైన్యం లెక్కలో 4/19 హైదరాబాద్. మొదటిది నిజాం జీతం తిన్నది. రెండోదానికి నిజాంతో మిగిలింది పేరొక్కటే. కానీ దాని పుట్టుక కూడా నిజాం ఖజానాలోనే, అంటే మా ఊళ్ల శిస్తులోనే ఉంది. ఆ కథ తర్వాత చెప్తాను.

పెంగ్కలాన్ చెపా ఇప్పుడు సుల్తాన్ ఇస్మాయిల్ పెట్రా విమానాశ్రయం. కంచె బయట రోడ్డు పక్కన నిలబడితే రన్‌వే చివర కనిపిస్తుంది. డిసెంబర్ 8 సాయంత్రం అక్కడ జరిగింది తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. శత్రువు మైదానం అంచుకు వచ్చేశాడని పుకారు లేచింది. విమాన సిబ్బంది బంగళాలకు, గోదాములకు నిప్పు పెట్టి లారీలెక్కి వెళ్లిపోయారు. మిగిలిపోయింది కాలినడక సిపాయిలు. వాళ్లు అంతకు ముందు యుద్ధం చూసినవాళ్లు కాదు. చుట్టూ మంటలు, చీకటి, వాన. పటాలం చెదిరిపోయింది. వాళ్లను ఆపబోయిన కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కర్నల్ హెండ్రిక్స్ ప్రాణం పోయింది. ఆయన తన సిపాయిల తూటాకే చనిపోయాడని చాలా యుద్ధ చరిత్రలు రాశాయి.

యుద్ధ చరిత్రల్లో ఆ పటాలానికి దక్కింది ఈ రెండు మూడు వాక్యాలే. భయపడ్డారు, పారిపోయారు, కర్నల్‌ని చంపారు. నాకు ఈ తీర్పు సరిపోదు. అవన్నీ తెల్ల అధికారుల నివేదికల మీద ఆధారపడ్డవి. ముందుగా పారిపోయిన వైమానిక సిబ్బందికి లేని మచ్చ వీళ్లకెందుకు అంటింది? సంస్థానాల సైన్యాలంటే దసరా దర్బారుకు, నిజాం పుట్టినరోజు కవాతుకు పెంచుకున్నవి. వాటికి కొత్త తుపాకులు లేవు, విమానాలను కూల్చే ఫిరంగులు లేవు, అడవిలో పోరాడే శిక్షణ లేదు. వాళ్లను ఒక సామ్రాజ్యపు తొలి వాకిట్లో నిలబెట్టి, ఆ సామ్రాజ్యమే ముందు తలుపు తీసుకొని పోయింది.

కోట భారులో పాత మర్కంటైల్ బ్యాంకు భవనం ఇప్పుడు యుద్ధ మ్యూజియం. స్థానికులు బ్యాంక్ కెరాపు అంటారు. జపాన్ ఏలుబడిలో అది కెంపెయ్‌టాయ్ అనే సైనిక పోలీసుల ఠాణా. లోపల తుప్పు పట్టిన సైకిళ్లు, హెల్మెట్లు, ఫొటోలు. జపాన్ సైనికులు ఈ సైకిళ్ల మీదే మలయా పొడవునా దిగి వచ్చారు. మా అల్లుడు ఒక సైకిల్ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

కోట భారుకు నది అవతలి ఒడ్డున వకాఫ్ భారు స్టేషన్. అక్కడ అడవి రైలు ఎక్కాం. తూర్పు తీరం నుంచి మలయా నడుమ గుండా గెమాస్ దాకా పోయే ఒంటి లైను ఇది. 1941 డిసెంబర్‌లో కోట భారు ఉన్న ఈ కెలంతాన్ రాష్ట్రంలోని దళాలకు వెనక్కి పోవడానికి వేరే దారి లేదు. పోరు మొదలయ్యాక 4/19 హైదరాబాద్‌ను రిజర్వు నుంచి ఈ రైల్లోనే పైకి పంపారు. రోజుల్లోనే మళ్లీ ఈ రైల్లోనే కిందికి లాగారు. స్టేషన్లు ఒక్కొక్కటిగా వదులుకుంటూ, సామాను ఎక్కిస్తూ, వెనక వంతెనలు పేలుస్తూ. కుసియల్ దగ్గర కెలంతాన్ నది మీద గిల్లెమార్డ్ వంతెన వచ్చినప్పుడు రైలు నెమ్మదించింది. ఇనుప కమ్ముల మధ్య నుంచి కింద మట్టి రంగు నీళ్లు, ఒడ్డున ఒక పడవ. 1925లో తెరిచిన ఈ వంతెనను బ్రిటిష్ వాళ్లే ఆ డిసెంబర్‌లో పేల్చేశారు. మళ్లీ రైలు నడిచింది యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1948లో.

వంతెన దాటాక అడవి మొదలైంది. కువాలా క్రాయ్, దబొంగ్, గువా ముసంగ్. నిటారుగా నిలబడ్డ సున్నపురాతి గుట్టలు, వాటి మెడల దాకా పచ్చదనం. ఈ బోగీలో కూర్చుని మా అల్లుడికి పటాలం పుట్టుక చెప్పాను.

1788లో ఎలిచ్‌పూర్‌లో, అంటే ఇప్పటి మహారాష్ట్ర అచల్‌పూర్‌లో, నవాబు సలాబత్ ఖాన్ నిజాం తరఫున కూడగట్టిన దళం ఈ బెటాలియన్‌కు మూలం. తర్వాత హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రసెల్ 1813లో తన పేరు మీద ఒక బ్రిగేడ్ లేపాడు. ఇవన్నీ కలిసి హైదరాబాద్ కంటింజెంట్ అయ్యాయి. పేరుకు నిజాం సైన్యం, నడిపేది ఇంగ్లిషు అధికారులు, జీతాలు మాత్రం నిజాం ఖజానా నుంచి. ఏడాదికి 40 లక్షల రూపాయల దాకా ఖర్చు. అప్పటి లెక్కలో అది ఒక రాజ్యాన్ని ముంచే మొత్తం. ముంచింది కూడా. బకాయిలు పేరుకుపోయి, నిజాంకు అప్పులిచ్చిన పామర్ కంపెనీ వడ్డీలు తోడై, చివరికి 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో బేరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ జిల్లాలను ఆ సైన్యం ఖర్చు కింద ఇంగ్లిషు వాళ్ల చేతిలో పెట్టవలసి వచ్చింది. తర్వాతి రెండూ 1860లో తిరిగొచ్చాయి. బేరార్ రాలేదు. 1902లో ఏడాదికి 25 లక్షల కౌలుకు దాన్ని శాశ్వతంగా రాయించుకున్నారు. ఆ వెంటనే కంటింజెంట్‌ను ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. 1922లో దానికి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని పేరొచ్చింది.

"అంటే మన పైసలతోటి వాళ్ల సైన్యమా?" అన్నాడు.

అంతే. ఏ ఎల్గందుల పరగణా రైతు ఏ ఏడు కట్టిన శిస్తులో ఎంత భాగం ఆ 40 లక్షల్లో కలిసిందో ఎవరు లెక్కగడతారు? మా మూలవాగు ఒడ్డున పండిన జొన్నలో, వడ్లలో కొంత భాగం తుపాకీ మందుగా మారి 1858లో ఝాన్సీ దాకా, కాల్పీ దాకా పోయింది. ఇంగ్లిషు సేనాని సర్ హ్యూ రోజ్ కింద కంటింజెంట్ సిపాయిలు అక్కడ ఝాన్సీ లక్ష్మీబాయి సైన్యంతో పోరాడారు. మా తాతల సొమ్ముతో ఝాన్సీ రాణి మీద యుద్ధం. ఈ నిజాన్ని మింగడం నాకు ఇప్పటికీ కష్టమే.

పైసలు మనవి, మనుషులు మాత్రం మనవాళ్లు కారు. పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లిషు సేనానులు ఒక సిద్ధాంతం పట్టుకున్నారు. కొన్ని కులాలు, కొన్ని ప్రాంతాలే యుద్ధానికి పుట్టాయని, దక్షిణాది వాళ్లు పనికిరారని. మద్రాసు సైన్యంలో తరాలుగా కొలువు చేసిన తెలుగు, తమిళ సిపాయిలను ఒక్కో పటాలం నుంచీ తప్పిస్తూ పోయారు. అదే గాలి ఇటూ వీచింది. 1941 నాటికి 19వ హైదరాబాద్ రెజిమెంటులో ఉన్నవాళ్లు ఎక్కువగా కుమావూ కొండల వాళ్లు, ఇప్పటి హర్యానా ప్రాంతపు అహీర్లు, జాట్లు. వాళ్లకు గోల్కొండ తెలియదు, వేములవాడ రాజన్న తెలియడు. భుజం మీద మాత్రం హైదరాబాద్ అని ఇత్తడి అక్షరాలు.

నిజాం మాత్రం ఈ యుద్ధాల్లో తన పేరు ఎక్కడెక్కడ రాయించుకోవచ్చో అక్కడల్లా రాయించుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ నంబరు విమాన దళానికి డబ్బిస్తే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. రెండో యుద్ధంలో 152వ నంబరు దళానికీ అదే పేరు. 1918లో బ్రిటిష్ ప్రభుత్వపు విశ్వాసపాత్ర మిత్రుడన్న బిరుదు. ఇదంతా పై కథ. కింద మా ఊళ్లలో యుద్ధం లెవీ రూపంలో వచ్చింది. పండిన ధాన్యంలో ఇంత సర్కారుకు కొలవాలని హుకుం. పటేలు పట్వారీలు, దొరలు తమ వాటా తగ్గించి రాసుకొని చిన్న రైతు గాదె ఊడ్చేవాళ్లు. మా నాయనమ్మ తన చిన్నప్పటి ఆ రోజులు చెప్పేది. ఇంట్లో దాచిన జొన్నలను కుండలో పోసి పేడకుప్ప కింద పూడ్చిపెట్టారట. అడిగితే ఎవరి యుద్ధమో ఆమెకు తెలియదు. జర్మనోడో జపానోడో అనేది. కొలిచింది మాత్రం తమ గింజలని తెలుసు.

కౌలాలంపూర్ వచ్చి అక్కడి నుంచి పాత ట్రంక్ రోడ్డు మీద ఉత్తరానికి పోయాం. తంజుంగ్ మాలిమ్, బెహ్రాంగ్, స్లిమ్ రివర్, ట్రోలాక్, సుంగ్కాయ్. ఇప్పుడు బండ్లన్నీ ఎక్స్‌ప్రెస్ హైవే మీద పోతాయి. ఈ పాత దారి ఊళ్లవాళ్లకు మిగిలింది. అప్పటి రబ్బరు తోటల చోట ఇప్పుడు మైళ్లకు మైళ్లు పామాయిల్. చెట్ల కింద పట్టపగలే మసక.

ఇక్కడే 4/19 హైదరాబాద్ ముగిసింది.

1942 జనవరి మొదటి వారానికి ఆ బెటాలియన్ ఒక నెలగా వెనక్కి జరుగుతూనే ఉంది. కెలంతాన్ నుంచి దిగి పశ్చిమాన తన 12వ బ్రిగేడ్‌ను చేరింది. ఆ బ్రిగేడ్‌లో తోడు బెటాలియన్లు రెండు, స్కాట్లాండ్ ఆర్గైల్స్, 5/2 పంజాబ్. పగలంతా జపాన్ విమానాలు రోడ్డు మీద తిరుగాడేవి. రాత్రి కందకాలు తవ్వడం, తెల్లవారకముందే వాటిని వదిలి ఇంకో చోటికి నడవడం. నిద్ర లేదు. ఎదురెదురు పోరు కూడా సరిగా దక్కలేదు. జపాన్ వాళ్లు అడవి గుండా పక్కలకు వచ్చేవాళ్లు, వీళ్లకు వెనక్కి రమ్మని హుకుం వచ్చేది.

ట్రోలాక్‌కు ఉత్తరాన రోడ్డు, రైలు పట్టాలు పక్కపక్కనే అడవి మధ్య సన్నటి దారిలా సాగుతాయి. ఆ ముందు వరుసలో హైదరాబాద్, వెనక పంజాబ్, ఆ వెనక ట్రోలాక్‌లో ఆర్గైల్స్. ట్యాంకులను ఆపడానికి ఉన్నవి కొన్ని కాంక్రీటు దిమ్మెలు, కాసిని మందుపాతరలు. బ్రిగేడ్‌కు సొంతంగా ట్యాంకు ఒక్కటీ లేదు. జనవరి 7 తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో, వెన్నెల్లో, మేజర్ షిమాడా ట్యాంకులు లైట్లార్పి రోడ్డు మీదికి వచ్చాయి. వాటి వెనక పదాతి దళం దిమ్మెలను పక్కకు నెట్టింది. చాలా సేపు పట్టలేదు. హైదరాబాద్ వరుసను చీల్చుకొని ట్యాంకులు ముందుకు పోయాయి.

ఇక్కడ నేను చూడాలనుకున్నది ఒకటి ఉంది. రోడ్డును వెనకటి ఏళ్లలో వంకరలు తీసి తిన్నగా వేసినప్పుడు పాత వంపులు కొన్ని రబ్బరు తోటల్లో అలాగే మిగిలిపోయాయి. గడ్డి మొలిచిన ఆ పాత రోడ్డు ముక్కలు మళ్లీ కొత్త రోడ్డులోనే కలుస్తాయి. ముందు దారిలో మందుపాతరలు పేలి ట్యాంకులు ఆగినప్పుడు జపాన్ వాళ్లు ఈ వంపుల్లోకి దిగి, కాపలాను చుట్టి వెనక తేలారు. అడవిలో పనిచేసే ఒకాయన మమ్మల్ని మోటార్‌సైకిల్ మీద అలాంటి ఒక చోటికి తీసుకుపోయాడు. పామాయిల్ చెట్ల మధ్య ఎత్తుగా, చదునుగా, రెండు పక్కలా మురుగు కాలువ ఆనవాలుతో ఒక దారి. కాలి కింద తడి ఆకులు తొలగిస్తే గులకరాళ్లు. మనిషి నడుము ఎత్తున ఫెర్న్ మొక్కలు. ఇది యుద్ధం నాటి వంపే అని ఆయన అన్నాడు. అవునో కాదో, ఒక పాత బాట మీద నిలబడితే ఆ రాత్రి ఎలా జరిగిందో అర్థమవుతుంది. రోడ్డు వైపు తుపాకీ గురిపెట్టి పడుకున్న సిపాయికి వెనక నుంచి ఇనుప పట్టాల చప్పుడు వినిపించి ఉంటుంది. తలతిప్పే లోపే అంతా అయిపోయి ఉంటుంది.

పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతానికి ట్యాంకులు స్లిమ్ నది వంతెన చేరి, పేల్చడానికి అమర్చిన తీగలు తెంపేశాయి. కొన్ని గంటల్లో రెండు బ్రిగేడ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మూడు వేలకు పైగా మంది బందీలయ్యారు. మిగిలినవాళ్లు గుంపులుగా అడవిలో పడి దక్షిణానికి నడిచారు. ఒక బెటాలియన్ అంటే ఏడెనిమిది వందల మంది. మర్నాడు లెక్కకు దొరికిన హైదరాబాద్ సిపాయిలు వందకు కాస్త అటూ ఇటూ. నాలుగు రోజులకు, జనవరి 11న, కౌలాలంపూర్ పడిపోయింది.

స్లిమ్ రివర్ ఊరు చిన్నది. స్టేషన్ ఎదురుగా పెంకుటిళ్ల దుకాణాలు, ఒక రోటీ చనాయ్ హోటల్. అక్కడ టీ తాగుతుంటే మా మాటలు విని పక్క బల్ల దగ్గరి పెద్దాయన తెలుగులో పలకరించాడు. తెలుక్ ఇంటాన్ వైపు నుంచి బంధువుల ఇంటికి వచ్చాడట. దిగువ పేరాక్‌లో బగాన్ దాతుక్ దాకా కొబ్బరి, రబ్బరు తోటల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వాళ్ల తాతలు చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్లు. ఆ యాస ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

"మీరు సిపాయిల గురించి అడుగుతున్నారు, బాబూ. మావోళ్లని కూడా ఎత్తుకెళ్లిపోనారు," అన్నాడాయన. "మా పెద్దయ్యని తోటలోంచే లారీ ఎక్కించేసినారట. సయాం రైలుకని. తిరిగి రానేదు."

సయాం రైలంటే బర్మా దాకా 415 కిలోమీటర్ల మరణ రైలుమార్గం. 1942 జూన్ నుంచి 1943 అక్టోబర్ దాకా జపాన్ వాళ్లు వేయించింది. మిత్రరాజ్యాల యుద్ధ ఖైదీలు 60 వేల మంది పనిచేస్తే 12 వేలకు పైగా చనిపోయారు. మలయా తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను పదుల వేలల్లో తరలించారు. వాళ్ల చావులు ఖైదీల చావులకు ఎన్నో రెట్లు. కలరా, విరేచనాలు, పుండ్లు, ఆకలి. ఇంకో సంగతి ఆ పెద్దాయనకు నేనే చెప్పాను. మేము వచ్చిన అడవి రైలు పట్టాలను కూడా జపాన్ వాళ్లు మైళ్ల పొడవున పీకి ఆ మార్గానికే తీసుకుపోయారు. మన సిపాయిలు వెనక్కి వచ్చిన పట్టాలే మన కూలీల చేతుల్లోకి చేరాయి. ఆయన తల ఊపి, గ్లాసు ఖాళీ చేసి, మా అల్లుడిని ఏ ఊరు, జీతమెంత, పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా అని వరసగా అడిగాడు. చివరి ప్రశ్నకు మా అల్లుడు జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత సింగపూర్ చేరాం. అక్కడ బొటానిక్ గార్డెన్స్ పక్కన టయర్సల్ ప్రాంతం ఉంది. యుద్ధానికి ముందు 12వ బ్రిగేడ్ అక్కడే గుడిసెల్లో ఉండేది. 1939లోనే సింగపూర్ చేరిన 4/19 హైదరాబాద్ అక్కడ ఒకసారి తిరగబడింది కూడా. 1940లో ఒక భారతీయ యువ అధికారికి తెల్ల స్త్రీతో స్నేహం ఉందని అతన్ని స్వదేశం పంపేయబోతే అహీర్ సిపాయిలు మొండికేశారు. తమ సాహెబుకు జరిగిన అవమానం తమదే అనుకున్నారు. గొడవ తొందరలోనే సద్దుమణిగింది. అయితే ఆ మనుషులు జీతానికి తలవంచిన బొమ్మలు కారని తెలియడానికి ఈ ఒక్క సంగతి చాలు. తర్వాత భారత సైన్యాధిపతి అయిన కె.ఎస్. తిమ్మయ్య కూడా ఈ బెటాలియన్ అధికారే. యుద్ధం మొదలవక ముందే ఇండియాకు బదిలీ అయ్యాడు గనక బందీ కాలేదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజులకు ఫారర్ పార్కు మైదానంలో వేల వేల మంది భారతీయ సిపాయిలను నిలబెట్టి బ్రిటిష్ అధికారి ఒకరు జపాన్ వాళ్లకు అప్పగించాడు. అక్కడే కెప్టెన్ మోహన్ సింగ్ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరమని పిలిచాడు. కొందరు చేరారు, కొందరు చేరలేదు. చేరనివాళ్లలో చాలామందిని న్యూగినీ దాకా కూలి పనికి తోలారు. ఎవరు సరి, ఎవరు తప్పు అని ఇక్కడి నుంచి నేను చెప్పలేను. ఇద్దరినీ ఒక ప్రభుత్వం తెచ్చి, ఇంకో ప్రభుత్వానికి లెక్కపెట్టి ఇచ్చింది.

పటాలం పేరు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1945 అక్టోబర్ 27న 19వ హైదరాబాద్‌ను కుమావూ రెజిమెంటుగా మార్చారు. దాని కేంద్రం ఇప్పుడు ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్. 1947 నవంబర్ 3న శ్రీనగర్ దగ్గర బడ్గాంలో ప్రాణాలిచ్చి మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మది నాలుగో కుమావూ. ఆయన 1942లో కమిషన్ పొందింది 8/19 హైదరాబాద్‌లో. మన దేశపు మొదటి పరమవీరుడి తొలి బెటాలియన్‌కు హైదరాబాద్ పేరుందని మా సిరిసిల్ల బడుల్లో ఎవరూ చెప్పరు. చెప్పాలి.

క్రాంజి మెట్రో స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే యుద్ధ స్మశానం. వరసలుగా తెల్లరాళ్లు, గుట్ట మీద విమానం రెక్కలాంటి కప్పుతో సింగపూర్ స్మారకం. సమాధి దొరకని 24 వేలకు పైగా మంది పేర్లు దాని స్తంభాల మీద చెక్కారు. హిందూ సిపాయిల్లో దహనం చేసినవాళ్లకు వేరే స్మారకం ఉంది. మేము రెజిమెంట్ల వరస పట్టుకొని వెతికాం. ఇండియన్ ఆర్మీ పేర్లు స్తంభం తర్వాత స్తంభం నడుస్తాయి. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అన్న శీర్షిక కనబడగానే మా అల్లుడు వేలు పెట్టి చూపించాడు. కింద సుబేదార్, జమాదార్, హవల్దార్, నాయక్, ఆ తర్వాత పొడుగ్గా సిపాయిలు. సింగ్, రామ్, లాల్, ఖాన్. రాతి మీద ఎండ పడి అక్షరాల లోతులో సన్నటి నాచు కనిపించింది. 1945లో రెజిమెంటు పేరు మారింది, ఈ రాతి మీద మారలేదు. వీళ్లు చనిపోయింది హైదరాబాద్ పేరు మీద. కుమావూలో వాళ్లకు గుడి ఉండొచ్చు, రేవారీలో విగ్రహం ఉండొచ్చు. వాళ్ల చావు మాత్రం మన పేరుతో ఉంది. మనం వాళ్లను తలచుకోవడం బాకీ అని నేను గట్టిగా అనుకుంటాను.

స్మశానంలో ఉంచిన మృతుల పేర్ల రిజిస్టరు తెరిచాం. చాలామంది పేరు పక్కన తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా. అల్మోరా, గుర్గావ్, రోహ్‌తక్. మా అల్లుడు ఊళ్ల పేర్లు కూడబలుక్కుంటూ చదివాడు. కొన్ని పేజీల తర్వాత ఆపి అన్నాడు.

"ఊరి పేరు సుత రాసిండ్రు మామా. పొయినేడు మా దోస్తుగాడి నాయిన సౌదీల సచ్చిపోతే శవం డబ్బా రావడానికే నెలలు పట్టింది. గా కాయితంల ఊరి పేరు తప్పు రాసిండ్రు."

అల్మోరా కొండల నుంచి, రేవారీ మెట్టపొలాల నుంచి ఆ సిపాయిలు వచ్చింది నెల జీతం కోసమే. మా ఊరి పిల్లలు ఎడారికి పోయేది, శ్రీకాకుళం వాళ్లు రబ్బరు తోటలకు వచ్చింది, మా అల్లుడు ఇక్కడికి వచ్చింది ఆ పొట్టకూటి కోసమే. కోట భారులో వాడడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇంతకన్నా జవాబు లేదని చెప్పాను. వాడు ఫోన్‌లో నోట్స్ తెరిచి 19వ హైదరాబాద్ కింద ఉన్న ఊళ్ల పేర్లు తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాడు. తెలుక్ ఇంటాన్ పెద్దాయన నంబరు తీసుకున్నావా అని అడిగితే తీసుకున్నానన్నాడు. సయాం రైలుకు పోయి రానివాళ్ల పేర్లు తోట తోటకూ తిరిగి రాసుకుందామని, వచ్చే సెలవుకు బగాన్ దాతుక్ పోదామని వాడే అన్నాడు. అక్కడ రిజిస్టర్లు లేవు, ఆ పేర్లు చెప్పగలిగిన ముసలివాళ్లు ఉన్నప్పుడే పోవాలి.